ల్యాప్‌టాప్ కాలిపోతోందా? కొత్తది కొనే ముందు లోపల దూది చూడండి

మే నెల. వేటపాలెంలో మధ్యాహ్నం పూట సీలింగ్ ఫ్యాను కూడా వేడిగాలే కొడుతుంది. అలాంటి రోజున మా ఆపా ఫోన్ చేసింది.

"తమ్ముడూ, వీడి ల్యాప్‌టాప్ మళ్లీ ఆగిపోయింది. షాపులో చూపిస్తే బోర్డు పోయింది, కొత్తది కొనుక్కోండి అన్నారట. 80 వేలు అవుతుందంట. చీటీ పాడేద్దామా?"

ఆ చీటీ మేనకోడలి కాలేజీ ఫీజు కోసం రెండేళ్లుగా కడుతున్నది. బావ కువైట్‌లో ఉన్నారు. "నేను పంపిస్తాలే" అంటారు గానీ ఎలా పంపిస్తారో ఇంట్లో అందరికీ తెలుసు. మేనల్లుడు బీటెక్ మూడో ఏడాది. గేములు ఆడతాడు, కాదనను. కానీ ప్రాజెక్టు పని కూడా ఆ మెషిన్ మీదే చేసుకోవాలి. "మామూ, అరగంట గేమ్ ఆడితే చాలు, కీబోర్డు మీద చెయ్యి పెట్టలేకపోతున్నా" అన్నాడు.

పాడొద్దు, ముందు మూత విప్పి చూద్దాం అన్నాను. ఇలాంటి ఫోను రేపు మీ ఇంట్లో కూడా మోగొచ్చు. అందుకే ఆ రోజు మేం చేసిన పని వరసగా రాస్తున్నాను.

వేడి ఎక్కడ పుడుతుంది, ఎటు పోవాలి?

గేమ్ నడిచేటప్పుడు గేమింగ్ ల్యాప్‌టాప్‌లోని ప్రాసెసర్, గ్రాఫిక్స్ చిప్ రెండూ కలిసి 100 నుంచి 150 వాట్ల దాకా కరెంటు తింటాయి. పాత రోజుల్లో 100 వాట్ల గుండు బల్బు వెలుగుతుండగా ముట్టుకుంటే చెయ్యి ఎలా చురుక్కుమనేదో పెద్దవాళ్లకు గుర్తుండే ఉంటుంది. అంత వేడిని ఒక పల్చటి పెట్టెలో పెట్టి ఒళ్లో పెట్టుకుంటున్నాం.

ఈ వేడి బయటికి పోవడానికి ఒక దారి ఉంది. చిప్ మీద థర్మల్ పేస్టు పూత ఉంటుంది. దాని మీద రాగి గొట్టాలు. ఆ గొట్టాల చివర దువ్వెన పళ్లలాంటి సన్నని రేకులు. పక్కన ఫ్యాను. ఫ్యాను అడుగు నుంచి గాలి పీల్చి, రేకుల మధ్య నుంచి బయటికి ఊదుతుంది. ఈ దారిలో ఎక్కడ అడ్డం పడినా వేడి లోపలే ఉండిపోతుంది.

వేడి హద్దు దాటబోతుంటే చిప్ తనంతట తానే వేగం తగ్గించుకుంటుంది. గేమ్ తడబడటం మొదలయ్యేది అప్పుడే. అయినా తగ్గకపోతే మెషిన్ ఆరిపోతుంది. అంటే వేడికి ఆరిపోయినంత మాత్రాన బోర్డు పోయిందని కాదు. కాలిపోకుండా అది తనను తాను కాపాడుకుంటోంది.

మన ఊళ్లో దూది, ఉప్పుగాలి

వేటపాలెం, చీరాల వైపు ఇళ్లలో మగ్గాలు ఉన్నాయి. నూలు ఉన్నచోట నూగు ఉంటుంది. దూది ఏకడం తాతల నాటి వృత్తిగా ఉన్న నూర్‌బాషా కుటుంబాలకు ఈ నూగు సంగతి వేరే చెప్పక్కర్లేదు. అది గాలిలో తేలుతూ, ఫ్యాను ఎటు లాగితే అటు పోతుంది. ల్యాప్‌టాప్ లోపలికి వెళ్లి ఫ్యానుకీ రేకులకీ మధ్య పొరలు పొరలుగా పేరుకుంటుంది. బయటి నుంచి చూస్తే ఏమీ కనపడదు.

దానికి తోడు సముద్రం దగ్గర. తేమ, ఉప్పు కలిసిన గాలికి దుమ్ము ముద్దకడుతుంది, లోపలి లోహపు భాగాలు తుప్పు పడతాయి. ఎండాకాలం సంగతి సరేసరి. ల్యాప్‌టాప్ తనను చల్లబరుచుకునేది గదిలో గాలితోనే. గది 28 డిగ్రీలు ఉన్నప్పుడు 88 డిగ్రీల దగ్గర నడిచే చిప్, గది 38 అయితే దాదాపు 98కి చేరుతుంది. మెషిన్ అదే, గేమ్ అదే. చలికాలంలో బాగా నడిచింది మేలో ఆరిపోవడానికి ఇదే కారణం.

ముందు కొలవండి

చేత్తో ముట్టుకుని తేల్చొద్దు. హెచ్‌డబ్ల్యూ ఇన్ఫో అనే ఉచిత ప్రోగ్రామ్ వేసుకుంటే ఏ చిప్ ఎంత వేడిగా ఉందో అంకెల్లో కనిపిస్తుంది. పావుగంట గేమ్ ఆడి చూడండి.

ప్రాసెసర్ 80 నుంచి 90 మధ్య ఉంటే గేమింగ్ ల్యాప్‌టాప్‌కి అది మామూలే, కంగారు పడక్కర్లేదు. 95 దాటి అక్కడే నిలబడితే దారిలో ఏదో అడ్డం ఉందనుకోవాలి. చాలా ఇంటెల్ ల్యాప్‌టాప్ ప్రాసెసర్లకు 100 డిగ్రీల దగ్గర హద్దు ఉంటుంది. గ్రాఫిక్స్ చిప్‌లు ఇంకా ముందే, 87 డిగ్రీల చుట్టుపక్కలే వెనక్కి తగ్గుతాయి. మా వాడి ప్రాసెసర్ 98 దగ్గర ఊగుతోంది.

వేడి అంకెలు మామూలుగా ఉండి కూడా మెషిన్ ఆరిపోతుంటే అప్పుడు అనుమానం చార్జర్ మీద, బ్యాటరీ మీద, ఆ తర్వాతే బోర్డు మీద పెట్టుకోవాలి.

పైసా ఖర్చు లేని పనులు

1. మంచం మీద, దిండు మీద, ఒళ్లో పెట్టి గేమ్ ఆడొద్దు. గాలి పీల్చే రంధ్రాలు అడుగునే ఉంటాయి. గట్టి బల్ల మీద పెట్టి, వెనక వైపు రెండు మూడు సెంటీమీటర్లు ఎత్తు చేయండి. రెండు పాత సీసా మూతలు చాలు.

2. గేములో ఫ్రేమ్ లిమిట్ 60కి కట్టేయండి. తెర సెకనుకు 60 సార్లే మారేదైతే 120 బొమ్మలు గీయించడం వృథా వేడి.

3. విండోస్ పవర్ సెట్టింగుల్లో ప్రాసెసర్ గరిష్ఠ స్థాయి 100 శాతం అని ఉంటుంది. దాన్ని 99 చేస్తే చాలా మెషిన్లలో టర్బో వేగం ఆగిపోతుంది. వేగం కొంచెం తగ్గుతుంది, వేడి బాగా తగ్గుతుంది.

4. మగ్గం ఉన్న గదిలో, పిండి జల్లించే చోట ల్యాప్‌టాప్ పెట్టొద్దు. టేబుల్ ఫ్యాను పెట్టినా అక్కడ నూగును లోపలికి తోలడమే అవుతుంది.

ఫ్రిజ్‌లో పెట్టడం, అడుగున ఐసు సంచి పెట్టడం మాత్రం వద్దు. చల్లబడి బయటికి రాగానే లోపల చెమ్మ పడుతుంది. ఆ చెమ్మ వేడి కంటే ప్రమాదం.

మూత విప్పడం

ముందు వారంటీ చూసుకోండి. వారంటీలో ఉంటే కంపెనీ సర్వీసు సెంటర్‌కే ఇవ్వండి. అయిపోతే మీరే విప్పొచ్చు, లేదా తెలిసినవాళ్ల చేత దగ్గరుండి విప్పించండి.

ల్యాప్‌టాప్ పూర్తిగా ఆపి, చార్జర్ పీకేయాలి. అడుగు స్క్రూలు తీసేటప్పుడు ఏది ఎక్కడిదో ఫోన్‌తో ఫొటో తీసుకోండి, పొడవు తేడా ఉంటుంది. మూత తీయగానే బ్యాటరీ కనెక్టర్ ఊడదీయాలి. ఫ్యాను రెక్కల్ని వేలితో కదలకుండా పట్టుకుని, మెత్తటి బ్రష్‌తోనో గాలి డబ్బాతోనో శుభ్రం చేయాలి. పట్టుకోకుండా గాలి కొడితే రెక్కలు విపరీతంగా తిరిగి బేరింగ్ పాడవుతుంది. ఇంట్లో వాడే వాక్యూమ్ క్లీనర్ వాడొద్దు, స్టాటిక్ కరెంటు పుట్టి చిప్‌లకు దెబ్బ తగలొచ్చు.

మేం ఫ్యాను పైకెత్తితే రేకుల ముందు బూడిద రంగు దూది పట్టీ ఒకటి వచ్చింది. పరుపులోంచి చింపిన ముక్కలా ఉంది. ఆపా దాన్ని చేతిలోకి తీసుకుని చూసి, "దీనికా 80 వేలు!" అంది.

తర్వాత పేస్టు. మూడు నాలుగేళ్లకు అది ఎండి గట్టిపడుతుంది. పాతది ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తుడిచి, కొత్తది బఠాణీ గింజ కంటే చిన్న చుక్క పెట్టాలి. ట్యూబు కొన్ని వందల రూపాయల్లో వస్తుంది. పక్క చిప్‌ల మీద ఉండే మెత్తటి ప్యాడ్‌లు చిరగకపోతే వాటిని కదపొద్దు. కొన్ని ఖరీదైన మోడళ్లలో పేస్టుకు బదులు లిక్విడ్ మెటల్ ఉంటుంది. అది కరెంటును ప్రవహింపనిస్తుంది, ఒక చుక్క పక్కన పడితే బోర్డు నిజంగానే పోతుంది. అలాంటి మోడల్ అయితే ఇంట్లో ముట్టుకోవద్దు.

ఒక హెచ్చరిక. టచ్‌ప్యాడ్ పైకి లేచినా, మూత సరిగ్గా మూతపడకపోయినా, అడుగు ఉబ్బినట్టున్నా బ్యాటరీ ఉబ్బిందన్నమాట. వెంటనే వాడకం ఆపండి. చార్జింగ్ పెట్టొద్దు, నొక్కొద్దు, గుచ్చొద్దు. అది మంట పుట్టించే వస్తువు. పిల్లలకు దూరంగా పెట్టి, సర్వీసు వాళ్లకు అప్పగించండి.

నిజంగా కొత్తది కొనాల్సి వస్తే

దుమ్ము దులిపినా, పేస్టు మార్చినా మారనివి ఉంటాయి. బోర్డు నిజంగానే పోవచ్చు, గ్రాఫిక్స్ చిప్ కొత్త సాఫ్ట్‌వేర్‌కి చాలకపోవచ్చు. అప్పుడు కొనేటప్పుడు తెర మెరుపు, కీబోర్డు రంగు లైట్ల కంటే ముందు ఇవి అడగండి.

ర్యామ్ స్లాట్లలో ఉందా, బోర్డుకి సోల్డర్ చేసేశారా? స్లాట్లు రెండుంటే ఇప్పుడు 8 జీబీ, తర్వాత 16 జీబీ చేసుకోవచ్చు. సోల్డర్ చేసినదైతే కొన్న రోజు ఎంత ఉందో చివరిదాకా అంతే.

ఎస్ఎస్‌డీకి రెండో స్లాట్ ఖాళీగా ఉందా? బ్యాటరీ, ఫ్యాన్లు విడిగా దొరుకుతాయా? అడుగు మూత మామూలు స్క్రూలతో ఊడుతుందా? కంపెనీ తన సైటులో విప్పే పద్ధతి పుస్తకం పెట్టిందా?

గ్రాఫిక్స్ చిప్ ఎన్ని వాట్లు? పేరు ఒకటే ఉన్నా ఒక మోడల్‌లో తక్కువ వాట్లు, ఇంకో మోడల్‌లో రెట్టింపు వాట్లు ఇస్తారు. వేగంలో తేడా బాగా ఉంటుంది. ప్రాసెసర్, గ్రాఫిక్స్ చిప్ దాదాపు అన్ని ల్యాప్‌టాప్‌లలో బోర్డుకి అతికించే వస్తాయి. తర్వాత మార్చలేనిది ఇదే కాబట్టి డబ్బు ఇక్కడ పెట్టండి. ర్యామ్, స్టోరేజీ తర్వాత పెంచుకోవచ్చు.

"దీనికి రేపు కొత్త గ్రాఫిక్స్ కార్డు కూడా వేసుకోవచ్చు" అని ఎవరైనా అంటే జాగ్రత్త. డెల్ 2019లో ఏలియన్‌వేర్ ఏరియా 51ఎం అనే ల్యాప్‌టాప్‌ను అప్‌గ్రేడ్ చేసుకోవచ్చన్న మాటతోనే అమ్మింది. తర్వాతి తరం చిప్‌లు దానికి పట్టవని తెలిశాక అమెరికాలో 2021లో కొనుగోలుదారు కోర్టుకెక్కారు. మాట నిలబెట్టుకున్న ప్రయత్నాలూ ఉన్నాయి. 2020లో నీరవ్ పటేల్ మొదలుపెట్టిన ఫ్రేమ్‌వర్క్ అనే అమెరికన్ కంపెనీ, 16 అంగుళాల ల్యాప్‌టాప్‌లో గ్రాఫిక్స్ భాగాన్ని స్క్రూడ్రైవర్‌తో మార్చుకునేలా చేసింది. కానీ అది చీరాల షాపులో అడిగి తెచ్చుకునే సరుకు కాదు. బయటి నుంచి తెప్పిస్తే ఖర్చు, సర్వీసు రెండూ ఆలోచించుకోవాలి.

అబ్బాయి ఇంట్లోనే ఉండి చదివేవాడైతే డెస్క్‌టాప్ గురించి ఆలోచించండి. అన్ని భాగాలూ విడివిడిగా మార్చుకోగలిగేది నిజానికి అదే. గాలి ఆడటానికి చోటు ఎక్కువ, శుభ్రం చేయడం తేలిక. యూపీఎస్ ఖర్చు కలుపుకోవాలి. హాస్టల్లో ఉండేవాడికి మాత్రం ల్యాప్‌టాప్ తప్పదు.

వాయిదాల సంగతి

షాపులో "నో కాస్ట్ ఈఎంఐ, వడ్డీ లేదు" అంటారు. వడ్డీకి దూరంగా ఉండాలనుకునే మన ఇళ్లవాళ్లు ఇక్కడే మోసపోతారు. బ్యాంకులు సున్నా శాతం వడ్డీ పేరుతో నడిపే పథకాలను రిజర్వు బ్యాంకు 2013లోనే తప్పుబట్టింది. నో కాస్ట్ అన్నచోట సాధారణంగా జరిగేది ఏమిటంటే, వడ్డీ అంత మొత్తాన్ని ధరలో డిస్కౌంటుగా చూపించి, బ్యాంకు వడ్డీ మామూలుగానే వేస్తుంది. ఆ వడ్డీ మీద జీఎస్టీ, పైన ప్రాసెసింగ్ ఫీజు మీదే. సంతకం పెట్టే ముందు ఒకే ప్రశ్న అడగండి: "ఇప్పుడే మొత్తం కట్టేస్తే ధర ఎంత?" తేడా అక్కడే బయటపడుతుంది.

వారంటీలో ఉండగా తిప్పించుకుంటే ఊరుకోవద్దు. జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేసి ఫిర్యాదు ఇవ్వొచ్చు. రిపేరు సమాచారం ఒకచోట దొరికేలా కేంద్ర ప్రభుత్వం 2022 డిసెంబర్‌లో రైట్ టు రిపేర్ పోర్టల్ కూడా తెచ్చింది. బిల్లు, ఎక్కడేం చెడిందో రాసిన జాబ్ షీటు దాచుకోండి. "బోర్డు పోయింది" అని నోటితో చెబితే ఒప్పుకోకుండా, రాసివ్వమని అడగండి.

మా ఇంట్లో ఏమైంది?

దూది తీసి, పేస్టు మార్చి, వెనక మూతలు పెట్టి నడిపిస్తే అదే గేములో 98 కాస్తా 84కి దిగింది. ఖాళీగా ఉన్న స్లాట్‌లో ఇంకో 8 జీబీ ర్యామ్ వేయించాం. ప్రాజెక్టు పని సాఫీగా సాగుతోంది. ఫైనల్ ఇయర్ దాకా ఇది సరిపోతుందని నా అంచనా. ఆ తర్వాత కొత్తది కావాలంటే వాడే జీతంలోంచి కొనుక్కుంటాడు.

చీటీ అలాగే ఉంది, మేనకోడలి ఫీజుకి. మేనల్లుడికి మాత్రం ఒక షరతు పెట్టాం. పండక్కి ఇల్లు దులిపేటప్పుడు ల్యాప్‌టాప్ కూడా దులపాలి, ఎండలు మొదలయ్యే ముందు ఇంకోసారి. 1918 నుంచి ఉన్న మన సారస్వత నికేతనం గ్రంథాలయంలో పాత పత్రికలు ఈ ఉప్పుగాలిలోనూ మిగిలాయంటే ఎవరో ఒకరు దుమ్ము దులుపుతూ వచ్చారు కాబట్టే కదా అన్నాను. "సరే మామూ" అని స్క్రూడ్రైవర్ తన డ్రాయర్‌లో పెట్టుకున్నాడు.