బండనెత్తు బాహువులోని విద్యుత్తు

బనగానపల్లె ప్రాంతపు నాపరాతి గనులలో కూలివాడు గడ్డపారతో కదల్చిన బండ అంచు క్రింద వ్రేళ్లు చొనిపి, మోకాళ్లు వంచి, దానిని మెల్లగా పైకెత్తునపుడు, ఆతని సత్తువ యంతయు కండ లావులోనే యున్నదని చూపరులు తలంతురు. కాని ఆ సత్తువలో కొంతపాలు వెన్నుపాము నుండి వెలువడు విద్యుత్ స్పందనముల క్రమములో నున్నది.

వెన్నుపాములోని యొక నాడీకణము, దాని తంతువు, ఆ తంతువు శాఖలకు లోబడిన కండరపు పోగులు, ఇవి యన్నియు గలసి యొక మోటార్ యూనిట్. 1925లో లిడెల్, షెరింగ్టన్ అనువారు దానికా పేరిడిరి. కనుగ్రుడ్డును త్రిప్పు కండరములో ఒక కణమునకు సుమారు పది పోగులే లోబడియుండగా, పిక్కలో అవి వేయికి మించును. స్పందనము వచ్చెనా, ఆ పోగులన్నియు ఒక్కుమ్మడి ముడుచుకొనును. సగము ముడుచుట యన్నది లేదు. అట్లయినచో అదే చేయి మామిడిపండును నలుపక పట్టుటయు, బండను ఎత్తుటయు ఎట్లు?

ఎన్ని యూనిట్లు పనిలోనికి దిగినవి, ఒక్కొక్కటి సెకనుకెన్ని మార్లు స్పందించినది, ఈ రెంటిచేతనే. మొదట చిన్న కణములు మేల్కొని సెకనుకు అయిదారు మార్లు స్పందించును. వాని పోగులు సులభముగా అలయనివి. భారము పెరిగినకొలది వేగము ముప్పదికి పైగా పోవును, పెద్ద కణములును వచ్చి చేరును. బలిష్ఠములైనను ఇవి త్వరగా డస్సిపోవును. ఈ వరుసను హెన్నెమన్ 1957 మొదలు నిరూపించెను. ఒక్కొక్కటి వేర్వేరు క్షణములందు స్పందించుటచేతనే బండ కుదుపు లేక లేచును. పనికి క్రొత్తగా చేరిన కుర్రవానికి తొలి వారములలో కండ పెరుగకయే బలము హెచ్చుటకు ముఖ్యకారణము ఈ నాడీక్రమము చక్కబడుటయే.

1929లో ఏడ్రియన్, బ్రాంక్ అనువారు సన్నని తీగ నిమిడ్చిన సూదిని మనుష్యుని కండరమున గ్రుచ్చి, ఆ స్పందనములను లౌడ్‌స్పీకరులో వినిరి. కండరముల విద్యుత్తును పరిశీలించు నేటి ఈ.ఎం.జి. పరీక్ష దాని సంతతియే. పోలియో సోకిన కాలిలో ఆ సూది చూపునది మిక్కిలి విలువైనది: ఆ వ్యాధిచే వెన్నుపాములో చచ్చిన కణముల పోగులను బ్రతికిన కణములు క్రొత్త శాఖలు చాచి తమవి చేసికొనును, అందుచే యూనిట్లు కొలదియైనను వాని తరంగములు మహోన్నతములుగా నుండును. మన దేశమున చివరి సహజ పోలియో కేసు 2011 జనవరినాటిది. బాల్యమున ఆ వ్యాధి సోకిన వారెందరో నేడు నడివయస్సు దాటుచున్నారు. దశాబ్దములుగా అధికభారము మోసిన ఆ కణములు వారిలో కొందరికి ఇప్పుడు సడలి, కాలు మరల బలహీనమగును. అట్టివారిని సోమరులని గద్దించి కఠినమైన కసరత్తునకు పురికొల్పుట అన్యాయము; వారికి వలసినది నడుమ నడుమ విశ్రాంతియు, డస్సిపోవునంతకు పోనీయక వైద్యుడు మితము నిర్ణయించిన వ్యాయామమును.