కాంక్రీటు నేలలో గొట్టాలు

చలి దేశాలలో ఇంటిని వెచ్చగా ఉంచే వేడినీటి గొట్టాలను, పొయ్యికీ బాయిలరుకూ గ్యాసును అందించే గొట్టాలను కొన్నిసార్లు కాంక్రీటు నేలలో పైకి కనబడకుండా అమరుస్తారు. సాధారణంగా వీటిని కాంక్రీటు పలకపై పరచి, ఆపైన సిమెంటు, ఇసుకలతో గచ్చు వేస్తారు. పూడ్చిన గొట్టాన్ని మళ్ళీ చూడాలంటే నేలను పగలగొట్టాలి. కనుక గొట్టం ఎంపిక, రక్షణ, పరీక్ష గచ్చు వేయకముందే పూర్తికావాలి. ఈ వ్యాసం ముఖ్యంగా బ్రిటన్‌లోని పద్ధతులను వివరిస్తుంది.

చరిత్ర

నేల కింద వేడిని పంపే ఆలోచన ప్రాచీనమైనది. రోమనుల హైపోకాస్ట్, కొరియా దేశపు ఓండోల్ ఇటువంటివే. అయితే వాటిలో పారేది నీరు కాదు, వేడి గాలి, పొగ. అమెరికాలో 1947 నుండి నిర్మించిన లెవిట్‌టౌన్ ఇళ్ళలో కాంక్రీటు పలకలోనే రాగి గొట్టపు చుట్టలను పొదిగారు. కాలక్రమంలో వాటిలో చాలావరకు కారడం మొదలై, పలువురు యజమానులు వేరే ఏర్పాట్లకు మారవలసివచ్చింది.

వేడినీటి గొట్టాలు

లోహం వేడికి వ్యాకోచిస్తుంది. ఉష్ణోగ్రత 60 డిగ్రీల సెల్సియస్ పెరిగితే 10 మీటర్ల రాగి గొట్టం సుమారు 10 మిల్లీమీటర్లు పొడవు పెరుగుతుంది. గచ్చులో బిగుసుకుపోయిన గొట్టానికి కదిలే చోటు ఉండదు. దానివలన అతుకులపై ఒత్తిడి పడుతుంది, గచ్చు పగలవచ్చు. అందుచేత రేడియేటర్లకు వెళ్ళే గొట్టాలకు మెత్తని తొడుగు వేస్తారు. వేడి నేలలోకి వృథాగా పోకుండా కూడా ఈ తొడుగు ఆపుతుంది.

నేలనే వేడిచేసే పద్ధతిలో వేడి గచ్చులోకి చేరాలి కనుక తొడుగు వేయరు. గొట్టాల కింద ఉష్ణనిరోధక పలకలు పరుస్తారు. ఒక్కొక్క చుట్టను మధ్యలో అతుకు లేకుండా ఒకే ప్లాస్టిక్ గొట్టంతో వేస్తారు. నీటి ఉష్ణోగ్రత సాధారణంగా 35 నుండి 50 డిగ్రీల వరకు ఉంటుంది. మనుషులు మసలే చోట నేల ఉపరితలం 29 డిగ్రీలు మించకూడదని ఐరోపా ప్రమాణం చెబుతుంది. గచ్చు వేసేటప్పుడు గొట్టాలను నీటి పీడనంతో ఉంచితే, ఎక్కడైనా చిల్లు పడినప్పుడు వెంటనే తెలుస్తుంది.

గ్యాసు గొట్టాలు

నీరు కారితే నేల చెమ్మగిల్లుతుంది. గ్యాసు కారితే ప్రాణాపాయం. గచ్చు కింద వెలువడిన గ్యాసు సందులగుండా సాగి, లీకు ఉన్న చోటికి దూరంగా మరో గదిలో చేరవచ్చు. గాలిలో మీథేను సుమారు 5 నుండి 15 శాతం ఉన్నప్పుడు చిన్న నిప్పురవ్వ చాలు, పేలుడు సంభవిస్తుంది. సహజవాయువు గాలికంటే తేలిక కనుక పైకి లేస్తుంది. వంటగ్యాసు బరువైనది కనుక పల్లపు చోట్ల నిలుస్తుంది.

బ్రిటన్‌లో పాటించే ముఖ్య నియమాలు:

* గచ్చులోని రాగి గొట్టానికి ప్లాస్టిక్ పూత వంటి తుప్పు రక్షణ ఉండాలి. చెమ్మ, క్లోరైడులు, అమ్మోనియా ఉన్న మిశ్రమాలు రాగిని దెబ్బతీస్తాయి.
* గొట్టం పైన కనీసం 25 మిల్లీమీటర్ల మందం ఉండాలి.
* అతుకులు వీలైనంత తక్కువగా ఉండాలి. నట్టు బిగించి కలిపే అతుకులను పూడ్చరాదు.
* గోడనుగాని నేలనుగాని దాటేచోట గొట్టాన్ని తొడుగు గొట్టంగుండా పంపాలి. కట్టడం కుంగినా, కదిలినా గొట్టం విరగకుండా ఉండాలని 1998 నాటి గ్యాసు భద్రతా నిబంధనలు కోరుతున్నాయి.

పరీక్ష

గచ్చు వేయకముందే గొట్టంలో పీడనం నింపి, కొంతసేపు అది తగ్గుతుందేమో చూస్తారు. ఇళ్ళలో ఈ పీడనం సుమారు 20 మిల్లీబార్లు, అంటే దాదాపు 20 సెంటీమీటర్ల నీటి మట్టానికి సమానం. కనుక నీటితో నింపిన యు ఆకారపు గాజు గొట్టంతోనే దానిని కొలవవచ్చు. గ్రేట్ బ్రిటన్‌లో ఈ పనిని గ్యాస్ సేఫ్ రిజిస్టరులో నమోదైన నిపుణులే చేయాలి. 2009 ఏప్రిల్ 1న ఈ రిజిస్టరు కోర్గి స్థానంలో వచ్చింది. గొట్టాలు ఏ దారిన వెళ్ళాయో కొలతలతో పటం గీసి ఉంచుకోవడం మంచిది. తరువాత నేలలో రంధ్రం చేసేవారికి అదే ఆధారం.

గ్యాసు వాసన వస్తే స్విచ్చులు వేయకూడదు, ఆర్పకూడదు. మీటరు వద్ద కవాటం మూసి, తలుపులు, కిటికీలు తెరిచి బయటికి వెళ్ళాలి.

భారతదేశంలో

హైదరాబాదు, విజయవాడ వంటి నగరాలలో ఇళ్ళకు గొట్టాల ద్వారా సహజవాయువు అందుతున్నది. ఇక్కడ గొట్టాలను సాధారణంగా గోడ వెలుపలి వైపున, కంటికి కనబడేలా బిగిస్తారు. చూపుకు అంత అందంగా లేకపోయినా, తుప్పునూ లీకునూ గుర్తించడానికి ఈ పద్ధతి అనువైనది.