సాహెల్ వానల పరిశోధనకు యూరప్ సొమ్ము
మార్కులు వేసేవారు చూడవలసినదేమిటి?

ఆఫ్రికాలో సహారా ఎడారికి దక్షిణాన వున్న మెట్ట ప్రాంతాన్ని సాహెల్ అంటారు. నైజర్, మాలి, బుర్కినా ఫాసో దేశాలు ఇందులోనివే. అక్కడి రైతులు సజ్జ, జొన్న, అలసంద పండిస్తారు. జూన్ నుంచి సెప్టెంబరు వరకు పడే రుతుపవనాల వానే వారికి ఆధారం. 1968-73 మధ్య, మళ్లీ 1983-84లో వచ్చిన కరువులకు మందలకు మందలే నశించాయి. జనం ఊళ్లు వదిలి వలసపోయారు.

వాన తీరు తెలియాలంటే కొలతలు కావాలి. అక్కడ వాతావరణ కేంద్రాలు అవసరమైన దానికంటే చాలా తక్కువ. 2002లో ఫ్రాన్సు శాస్త్రజ్ఞుల చొరవతో 'ఆమ్మా' అనే పరిశోధన మొదలైంది. 2006లో బెలూన్లు, విమానాలతో గాలిని, తేమను విస్తృతంగా కొలిచారు. యూరోపియన్ యూనియన్ కూడా ఇందుకు సొమ్మిచ్చింది.

ఇటువంటి సొమ్ము అడిగిన వారందరికీ రాదు. యూనియన్ 2021-27 కాలానికి పెట్టిన 'హొరైజన్ యూరప్' పథకంలో పరిశోధకులు ముందు దరఖాస్తు పెట్టాలి. సామాన్యంగా కనీసం ముగ్గురు నిపుణులు దానిని విడివిడిగా చదువుతారు. దరఖాస్తుదారులతో సంబంధం వున్నవారిని పక్కన పెడతారు. ఆ తరువాత అందరూ కూర్చుని ఒక మాట మీదకు వస్తారు.

శాస్త్రీయ నాణ్యత, కలిగే ప్రయోజనం, పని నడిపే తీరు అనే మూడింటికి తలా 5 మార్కులు. సాధారణంగా ఒక్కొక్కదానిలో 3, మొత్తం 15కు 10 వస్తేనే దరఖాస్తు నిలుస్తుంది. నిలిచినా వరుసలో వెనుకబడితే సొమ్ము అందకపోవచ్చు.

అసలు చిక్కు రెండవ అంశంలోనే వున్నది. ప్రయోజనం ఎవరికి? దరఖాస్తులో ఆఫ్రికా విశ్వవిద్యాలయం పేరు వుంటే చాలదు. బడ్జెట్టులో దాని వాటా ఎంత? కొలతల లెక్కలు ఎవరి దగ్గర వుంటాయి? అక్కడి విద్యార్థులకు తర్ఫీదు వున్నదా? గడువు తీరాక పరికరానికి మరమ్మతు చేసేదెవరు? ఈ ప్రశ్నలకు జవాబులు కాగితం మీద స్పష్టంగా వుండాలి.

బయటివారు వచ్చి కొలతలు తీసుకుని, వ్యాసాలు రాసుకుని వెళ్లిపోతే పరికరాలు తుప్పు పడతాయి. అదే స్థానిక వాతావరణ శాఖ చేతికి పని అప్పగిస్తే, వాన కబురు హౌసా, బంబారా భాషల్లో రేడియో ద్వారా పల్లెకు చేరే వీలుంటుంది.

విత్తు ఎప్పుడు వేయాలో తేల్చుకోలేని సజ్జ రైతుకు ఆ కబురే కావాలి. మార్కులు వేసే చేయి అతనిని మరువరాదు.