చలికాలపు రంజాన్‌కు కర్బూజ: సదుం రైతుకు ఏ రూపంలో తోడ్పడాలి?

ఇఫ్తార్ దస్తర్‌ఖాన్ మీద ఖర్జూరం తర్వాత చెయ్యి వెళ్లేది కర్బూజ ముక్క మీదికే. ఇటీవలి సంవత్సరాల్లో రంజాన్ ఎండాకాలంలోనో దాని అంచునో వస్తుండడంతో ఆ పండు ఎక్కడ పండుతోందని ఎవరమూ ఆలోచించలేదు. ఇకమీదట ఆలోచించాలి. 2025లో మన ఉపవాసాలు మార్చి 2న మొదలయ్యాయి. నెలవంక లెక్కన ఏటా పది పదకొండు రోజులు ముందుకు జరుగుతూ 2030లో జనవరి మొదటి వారానికి వస్తాయి. అదే ఏడాది డిసెంబరు చివర మరోసారి రంజాన్ వస్తుంది. అంటే పండు చలికాలంలో కావాలి. సదుం మండలంలోని చిన్న రైతుకు పాలీహౌస్‌లో కర్బూజ సాగు అన్న మాట అక్కరకొచ్చేది ఇక్కడే.

లెక్క వెనక నుంచి వేసుకోవాలి. నారు నాటిన 65 నుంచి 75 రోజులకు కోత. చలికి పంట ఇంకొంత ఆలస్యమవుతుంది కనుక జనవరి మొదట్లో పండు కావాలంటే అక్టోబరు మధ్యకే నాట్లు పడాలి. ఆ వెంటనే మన జిల్లాలో ఈశాన్య రుతుపవనాల వానలు. ఆరుబయట తీగకు బూజు తెగులు పడుతుంది, పూత రాలిపోతుంది. ఆ తర్వాత రాత్రి చలికి తీగ సాగదు, కాయలో తీపి చేరదు. పైన ప్లాస్టిక్ కప్పు, చుట్టూ సన్నని వల ఉంటే వాన తడవదు, పగటి వేడి కొంత నిలుస్తుంది, పండు ఈగ లోపలికి రాదు.

అయితే ఆ వల తేనెటీగను కూడా ఆపేస్తుంది. చాలామంది ముందుగా గమనించని సంగతి ఇదే. కర్బూజలో మగపూలు వేరు, పిందె కట్టే పూలు వేరు. పుప్పొడి బరువుగా, జిగురుగా ఉంటుంది, గాలికి ఎగరదు. లోపల తేనెటీగల పెట్టె పెట్టాలి, లేదా మనిషే ఆ పని చేయాలి. ఉదయం ఆరింటి నుంచి పదింటిలోపు అప్పుడే విచ్చిన మగపూవును తుంచి, రేకలు తీసేసి, కింద చిన్న పిందె కనిపించే పూవు మధ్యన మెల్లగా అద్దాలి. ఏ రోజు అద్దారో తెలిసేలా రోజుకొక రంగు దారం కట్టాలి, ఎందుకంటే కోత తేదీని ఆ రోజు నుంచే లెక్కిస్తారు. పిందె నిమ్మకాయంత అయ్యాక తీగకు ఒకటి, మహా అయితే రెండు ఉంచి మిగతావి తీసేయాలి. పైకి కట్టిన తీగ కాయ బరువుకు తెగకుండా కాయను వలసంచిలో వేలాడదీయాలి. కోతకు ముందు వారం నీళ్లు తగ్గిస్తే తీపి పెరుగుతుంది. పూత మీద ఉన్న ఆ పది పదిహేను రోజులు ఒక్క ఉదయం కూడా తప్పకుండా వచ్చే మనుషులు కావాలి. వాళ్లు దొరకకపోతే లక్షలు పోసి కట్టిన షెడ్డులో ఆకులే మిగులుతాయి.

ఇంకో చిక్కు మన టమాటాతో ఉంది. వేళ్లకు బుడిపెలు కట్టించే నులిపురుగులు టమాటానూ పట్టుకుంటాయి, కర్బూజనూ పట్టుకుంటాయి. టమాటా తీసిన మడిలోనే కర్బూజ వేయడం వాటికి విందు పెట్టడమే. మట్టి పరీక్ష ముందు, షెడ్డు తర్వాత.

డబ్బు సంగతి. కేంద్ర ఉద్యాన మిషన్ 2014 నాటి లెక్కలో 500 చదరపు మీటర్ల వరకు ఉన్న పాలీహౌస్‌కు చదరపు మీటరుకు 1,060 రూపాయలు, అందులో సగం సబ్సిడీ. అంటే 500 మీటర్లకు 5.30 లక్షలు, రైతు వాటా 2.65 లక్షలు. ధరలు అప్పటికంటే పెరిగాయి. ప్లాస్టిక్‌ను మూడు నాలుగేళ్లకోసారి మార్చాలి. అందులో పట్టేవి సుమారు వెయ్యి తీగలు. ఒక్క రంజాన్ పంటతో ఆ అప్పు తీరదు. మిగతా నెలల్లో అదే కప్పు కింద ట్రేలలో టమాటా నారు పెంచి అమ్ముకుంటే లెక్క కుదురుతుంది. మదనపల్లె మార్కెట్ చుట్టూ ఉన్న పల్లెల్లో నారుకు గిరాకీ ఉంటుంది, ట్రేలలోని నారుకు నేలలోని పురుగు బెడదా లేదు.

మన ప్రాంతానికి ఇలాంటి ప్రయత్నం కొత్తేమీ కాదు. 1990ల చివర్లో ప్రభుత్వం కుప్పంలో ఇజ్రాయెల్ పరిజ్ఞానంతో ప్రదర్శన క్షేత్రాలు పెట్టించింది. మెచ్చుకున్నవాళ్లున్నారు, ఖర్చు మోయలేమన్నవాళ్లూ ఉన్నారు. చివరికి పల్లెల్లో నిలిచింది డ్రిప్పు. 2003లో మొదలైన సూక్ష్మ సేద్య ప్రాజెక్టు సబ్సిడీ దానికి ఊతమైంది. రైతు తానే పైపు విప్పి, కడిగి, బిగించుకోగలడు కనుకే అది నిలిచిందని నా అభిప్రాయం. పాలీహౌస్‌కూ అదే కొలత పెట్టాలి. గాలికి చిరిగిన కప్పును ఊళ్లోనే బాగుచేసుకునే యువకులిద్దరిని తయారు చేయకుండా షెడ్డు కట్టించకూడదు.

దాతలు అడిగే ప్రశ్న ఒకటుంది: జకాత్ సొమ్ము దీనికి పెట్టవచ్చా? హనఫీ ఫిఖ్హ్ ప్రకారం జకాత్ అర్హుడి చేతికి, అతని సొంతంగా అందాలి. అందుచేత ఉమ్మడి షెడ్డుకు అది పనికిరాదు. విత్తనం, డ్రిప్పు సామాను కొనుక్కోవడానికి అర్హుడైన పేద రైతుకు నేరుగా ఇవ్వవచ్చు. షెడ్డుకు సదఖా నిధి, రైతు వాటాకు వడ్డీ లేని ఖర్జె హసనా సరిపోతాయి. ఖర్జ్ వాయిదాలు నెలనెలా కాకుండా పంట అమ్మిన తర్వాత పెట్టాలి.

మొదటి ఏడాదికి ఒక్క షెడ్డు చాలు. నీళ్లు నమ్మకంగా ఉన్న బోరు పక్కన, కరెంటు పోయినా డ్రిప్పు నడిచేలా ఎత్తున ఒక తొట్టి కట్టి మొదలుపెట్టాలి. పూలు అద్దడం నేర్చుకునే నలుగురైదుగురు ఆడవాళ్లకు కూలి ముందే మాట్లాడుకోవాలి. పుంగనూరు, పీలేరు పండ్ల వ్యాపారులతో రంజాన్‌కు రెండు నెలల ముందే, అంటే పిందె కట్టే రోజుల్లోనే ధర మాట్లాడుకోవడం మంచిది.