ఆటల పోటీలకెళ్లిన పిల్లలు రాత్రి బసలో తప్పు చేస్తే.. టీచర్ ఏం చేయొచ్చు? ఏం చేయకూడదు?

పెద్దేముల్‌లోని ఒక హైస్కూల్ కబడ్డీ జట్టు తాండూరులోనో, వికారాబాద్‌లోనో ఆడితే సాయంత్రానికి ఇల్లు చేరొచ్చు. స్కూల్ గేమ్స్‌లో జిల్లా దాటి పై స్థాయికి ఎంపికైతే మాత్రం వేరే ఊళ్లో రెండు మూడు రాత్రులు ఉండాల్సి రావచ్చు. పన్నెండు మంది పిల్లలు, వెంట ఒక పీఈటీ. అర్ధరాత్రి ఇద్దరు గోడ దూకి బయటికెళ్లారు. లేదా గదిలో సిగరెట్ పెట్టె దొరికింది. లేదా పెద్ద పిల్లలు చిన్నవాణ్ని ఏడిపిస్తూ ఫోన్‌లో వీడియో తీశారు. అప్పుడేం చేయాలి?

రాత్రిపూట బాధ్యత ఎవరిది?

పిల్లలు ఎవరి సంరక్షణలో ఉంటే వారిదే. బాలల న్యాయ చట్టం–2015లోని సెక్షన్ 75 ప్రకారం, తన అధీనంలో ఉన్న 18 ఏళ్లలోపు పిల్లలను హింసించినా, వదిలేసినా, కావాలని నిర్లక్ష్యం చేసి బాధపెట్టినా నేరమే. మూడేళ్ల వరకు జైలు, లక్ష రూపాయల వరకు జరిమానా లేదా రెండూ పడొచ్చు. పిల్లల సంరక్షణ అప్పగించిన సంస్థ ఉద్యోగులైతే శిక్ష ఐదేళ్లు, జరిమానా ఐదు లక్షల వరకు వెళ్తుంది. అంటే కోపంతో బెల్టు తీయడమే కాదు, 'రాత్రికి రాత్రే ఇంటికి పో' అని ఒంటరిగా బస్సెక్కించడమూ ప్రమాదమే.

గుంజీలు తీయించొచ్చా?

వద్దు. విద్యాహక్కు చట్టం–2009లోని సెక్షన్ 17 శారీరక శిక్షనూ, మానసిక వేధింపునూ నిషేధించింది. అందరి ముందు నిలబెట్టి అవమానించడం కూడా వేధింపు కిందికే వస్తుంది. ఈ చట్టం 6 నుంచి 14 ఏళ్ల వారికి వర్తిస్తుంది. పదిహేనేళ్ల కుర్రాడైతే కొట్టొచ్చని దీనర్థం కాదు. సెక్షన్ 75 అతనికీ రక్షణే.

మరి జట్టులోంచి తీసేయొచ్చా?

మర్నాటి మ్యాచ్‌కు పక్కన పెట్టడం, తర్వాతి పర్యటనకు పేరు పంపకపోవడం లాంటివి క్రమశిక్షణ చర్యలే. అయితే నియమాలు బయల్దేరే ముందే చెప్పి ఉండాలి. పిల్లాడి మాట వినాలి. ఒకడి తప్పుకు జట్టంతటినీ శిక్షించకూడదు. టీసీ చేతిలో పెట్టే విషయంలో జాగ్రత్త అవసరం. ఎనిమిదో తరగతి పూర్తయ్యేవరకు ఏ పిల్లాణ్నీ బడి నుంచి బహిష్కరించకూడదని విద్యాహక్కు చట్టం సెక్షన్ 16 చెబుతోంది. అండర్–14 ఆటగాళ్లలో చాలామంది ఈ పరిధిలోనే ఉంటారు.

పోలీసులకు ఎప్పుడు చెప్పాలి?

లైంగిక వేధింపు జరిగిందని తెలిస్తే వెంటనే. చేసింది తోటి విద్యార్థి అయినా సరే. పోక్సో చట్టం–2012లోని సెక్షన్ 19 ప్రకారం ఇది తప్పనిసరి. చెప్పకుండా దాచిపెడితే సెక్షన్ 21 కింద ఆరు నెలల వరకు జైలు పడొచ్చు. 'బడి పరువు పోతుంది, ఊరెళ్లాక చూద్దాం' అన్న మాట ఇక్కడ చెల్లదు.

అమెరికాలో 2015 డిసెంబరులో ఊల్టెవా హైస్కూల్ బాస్కెట్‌బాల్ జట్టు టోర్నమెంట్ కోసం వేరే ఊళ్లో బస చేసినప్పుడు, సీనియర్లు ఓ జూనియర్‌పై దాడి చేసి తీవ్రంగా గాయపరిచారు. తోటి ఆటగాళ్లతో పాటు, సమాచారం ఇవ్వలేదంటూ శిక్షకులపైనా కేసులు నమోదయ్యాయి. జట్టు ఆ సీజన్‌నే వదులుకోవాల్సి వచ్చింది.

మద్యం, సిగరెట్ల విషయంలో పిల్లల కంటే ముందు ఆరా తీయాల్సింది వాటిని ఇచ్చిన పెద్దవాళ్ల గురించి. బాలల న్యాయ చట్టం సెక్షన్ 77 కింద వారికి ఏడేళ్ల వరకు కఠిన జైలుశిక్ష పడొచ్చు.

పిల్లల్ని లాకప్‌లో పెడతారా?

పెట్టకూడదు. అదుపులోకి తీసుకుంటే 24 గంటల్లో జువైనల్ జస్టిస్ బోర్డు ముందు హాజరుపరచాలి. ఇలాంటి కేసుల్లో ఉన్న పిల్లల పేరు, ఫొటో, బడి పేరు బయటపెట్టకూడదు. బాధితులకైనా, నిందితులకైనా ఇదే నియమం. వాట్సాప్ గ్రూపులో వీడియో పంచుకున్నా ఇబ్బందే. సెక్షన్ 74 కింద ఆరు నెలల వరకు జైలు లేదా రెండు లక్షల వరకు జరిమానా ఉంది.

ఆ రాత్రి టీచర్ చేయాల్సినవి

• ముందు దెబ్బ తగిలిన పిల్లల్ని వేరే గదికి మార్చాలి, అవసరమైతే ఆస్పత్రికి తీసుకెళ్లాలి.
• హెచ్‌ఎంకు, ఇరువైపుల తల్లిదండ్రులకు అదే రాత్రి ఫోన్ చేయాలి.
• జరిగింది సమయంతో సహా రాసిపెట్టాలి.
• బ్యాగులు చూడాల్సి వస్తే మరో పెద్ద మనిషి సమక్షంలోనే చూడాలి. ఆడపిల్లలవైతే మహిళా టీచరే చూడాలి.
• ఇంటికి పంపాలంటే తల్లిదండ్రుల చేతికే అప్పగించాలి.

తల్లిదండ్రులు ఏం అడగాలి?

సమ్మతి పత్రంపై సంతకం పెట్టే ముందు మూడు ప్రశ్నలు అడగండి. బస ఎక్కడ? రాత్రి గదుల దగ్గర ఉండే పెద్దవాళ్లు ఎవరు? పెద్ద పిల్లలు, చిన్న పిల్లలు ఒకే గదిలో పడుకుంటారా? మీ పిల్లలకు చైల్డ్ హెల్ప్‌లైన్ 1098 నంబరు నోటికి వచ్చేలా చేయండి. తోటివాడికి ఇబ్బంది ఎదురైతే సార్‌కు చెప్పడం చాడీ కాదని కూడా బయల్దేరే ముందే చెప్పి పంపండి.