చిన్న మాటలే రాతగాడి ఆనవాళ్లు

రియాద్‌లోనో, జెద్దాలోనో కొన్నాళ్లుంటే చాలు, అరబ్బీ రాకపోయినా ‘వ’ అనే మాట చెవికి అలవాటైపోతుంది. మన ‘మరియు’కు అది సాటి. ఎవరూ పట్టించుకోని ఇలాంటి చిన్న మాటలే, ఒక రాత ఎవరిదో తేల్చే పరిశోధకులకు పెద్ద ఆధారాలు.

పెద్ద పదాలను రచయిత ఏరికోరి వాడతాడు. చిన్నవి అలవాటుగా దొర్లుతాయి. వాటిని లెక్కగట్టే పద్ధతికి 1964లో పేరొచ్చింది. అమెరికా రాజ్యాంగాన్ని సమర్థించిన ఫెడరలిస్ట్ వ్యాసాల్లో వివాదంలో ఉన్న 12 జేమ్స్ మాడిసన్‌వేనని మోస్టెల్లర్, వాలెస్ అప్పుడు తేల్చారు.

అరబ్బీలో ఈ లెక్క అంత తేలిక కాదు. ‘వ’ తర్వాతి పదానికి అతుక్కుపోతుంది. హ్రస్వాచ్చులను మామూలుగా రాయరు. అందుకే ముందు పదాలను విడదీసుకోవాలి. రియాద్‌లోని కింగ్ సౌద్ యూనివర్సిటీ పరిశోధకులు ఇద్దరు, అరబ్బీ రచనల కర్తలను కంప్యూటర్‌తో గుర్తించే పద్ధతులను పరీక్షించి 2014లో ఫలితాలు ప్రచురించారు.

మత గ్రంథాల విషయానికొస్తే, అల్జీరియాకు చెందిన హలీమ్ సయూద్ 2012లో ఖురాన్‌ను, బుఖారీ సేకరించిన హదీసులను పోల్చి, రెండింటి శైలి వేరని, కర్తలు వేరని తేల్చారు. ఖురాన్ దైవవాక్కని, హదీసులు ప్రవక్త మాటలు, చేతల వృత్తాంతాలని ముస్లింల విశ్వాసం. ఈ ఫలితం దానికి రుజువేనా?

ఇక్కడే ఆగి ఆలోచించాలి. ఒకే మనిషి ఉత్తరం రాసినప్పుడు ఒకలా, ఉపన్యాసం ఇచ్చినప్పుడు మరోలా మాట్లాడతాడు. పైగా ప్రవక్త 632లో మరణిస్తే, బుఖారీ మరణించింది 870లో. మధ్యలో ఆ మాటలు ఎందరి నోటనో నడిచాయి. లెక్కకు చిక్కింది ప్రవక్త మాటతీరా, చెప్పుకొచ్చినవారిదా? రెండు రాతలు ఒకేలా ఉన్నాయా, లేవా అన్నంతవరకే యంత్రం చెప్పగలదు. మూలం దైవమా, మనిషా అన్నది దాని పరిధిలో లేదు.

మనకూ ఇలాంటి తగవు ఉంది. ‘క్రీడాభిరామం’ వినుకొండ వల్లభరాయుడి పేరున ఉన్నా, అది శ్రీనాథుడిదేనని వేటూరి ప్రభాకరశాస్త్రి వాదించారు. యంత్రంతో తేల్చాలంటే వల్లభరాయుడివి వేరే రచనలు దొరకాలి. పోల్చడానికి సరుకు లేకపోతే లెక్క నడవదు.

అందుకే ‘కంప్యూటర్ తేల్చేసింది’ అంటూ వాట్సాప్‌లో ఏ మతం గురించి సందేశం వచ్చినా, ఇంకొకరికి పంపేముందు ఒక్క ప్రశ్న వేసుకోవాలి: దేన్ని దేనితో పోల్చారు?