సికిల్ సెల్ ఉన్న పిల్ల బతుకమ్మ ఆడవచ్చా?

బతుకమ్మ పండుగకు కరీంనగర్ పల్లెల్లో ఆడపిల్లల కాళ్ళు ఆగవు. తొమ్మిది రోజులు ఆటే ఆట. దీపావళి రోజుల్లో ఆదిలాబాద్ గోండు గూడేల్లో దండారి జరుగుతుంది. గుస్సాడి మగవాళ్ళ ఆట. ఆడవాళ్ళకు వాళ్ళ ఆటలు ఉంటాయి.

అందరూ ఆడుతుంటే ఒక పిల్ల మూలకు కూర్చుంటుంది. పద్నాలుగేండ్లు ఉంటాయి. "కాళ్ళు గుంజుతున్నయే అమ్మా" అంటుంది. తొందరగా అలసిపోతుంది. కళ్ళు పచ్చబడతాయి. కొందరు బద్దకం అంటారు. కొందరు గాలి సోకింది అంటారు. అది సికిల్ సెల్ జబ్బు కావచ్చు. ఈ జబ్బు గిరిజనుల్లో ఎక్కువ. ఇతరులకూ ఉంటుంది.

సికిల్ అంటే కొడవలి. మన రక్తంలో ఎర్ర కణాలు ఉంటాయి. కంటికి కనిపించనంత చిన్నవి. గుండ్రంగా, మెత్తగా ఉంటాయి. ఎంత సన్నని నరంలోనైనా జారిపోతాయి. ఈ జబ్బులో అవి కొడవలిలాగా వంకర తిరిగి గట్టిపడతాయి. దారిలో ఇరుక్కుంటాయి. కాలువకు చెత్త అడ్డం పడితే కింది మడికి నీళ్ళు అందుతాయా? ఇదీ అంతే. ఎముకకు రక్తం అందదు. అందుకే ఆ నొప్పి. మంచి కణం 120 రోజులు బతుకుతుంది. వంకర కణం 10, 20 రోజులకే చస్తుంది. అందుకే ఒంట్లో రక్తం తగ్గుతుంది.

ఇది అంటురోగం కాదు. తల్లి, తండ్రి ఇద్దరి నుంచీ వస్తేనే బిడ్డకు ఈ జబ్బు వస్తుంది. కోడలినే నిందించే అత్తలు ఈ మాట వినాలి.

మరి పిల్లను ఆటకు పంపాలా, వద్దా? ముందు డాక్టరును అడగాలి. నొప్పి, జ్వరం లేని రోజు చాలామంది పిల్లలు ఆడుకోవచ్చు. ఊరికే కూర్చోబెడితే ఒళ్ళు ఇంకా బలహీనపడుతుంది. కానీ పందెం వేసుకొని ఆడొద్దు. కొంచెం ఆడాలి, కూర్చోవాలి, మళ్ళీ ఆడాలి. దాహం కాకముందే నీళ్ళు తాగాలి. ఒంట్లో నీళ్ళు తగ్గితే కణాలు త్వరగా వంకర తిరుగుతాయి. చలి కూడా పడదు. బతుకమ్మను చెరువులో వేసేటప్పుడు బట్టలు తడుస్తాయి. వెంటనే మార్చాలి. దండారి రాత్రులు చల్లగా ఉంటాయి. శాలువ కప్పుకోవాలి. అలసట అనిపిస్తే పిల్ల నోరు తెరిచి చెప్పాలి. తోటివాళ్ళు నవ్వొద్దు.

అమెరికాలో టియాన్ వాట్కిన్స్ అనే గాయని ఉంది. 1970లో పుట్టింది. ఆమెకు సికిల్ సెల్ ఉంది. ముప్పై ఏండ్లు దాటి బతకదని డాక్టర్లు చెప్పారట. 1990లలో టీ.ఎల్.సీ. అనే ముగ్గురు ఆడవాళ్ళ బృందంలో పాడింది, ఆడింది. మధ్య మధ్య ఆసుపత్రి పాలైంది. అయినా ముప్పై ఏండ్లు ఎప్పుడో దాటింది.

హైడ్రాక్సీయూరియా అనే మందు ఉంది. రోజూ వాడితే నొప్పులు తగ్గుతాయి. దాన్ని డాక్టరు రాస్తేనే వాడాలి. మధ్య మధ్య రక్తపరీక్ష చేయించాలి. బడిలో ఇచ్చే ఐరన్ గోళీలు కూడా ఈ పిల్లకు డాక్టరును అడిగే వెయ్యాలి. ఈ జబ్బులో రక్తం తగ్గేది ఐరన్ లేక కాదు.

2023లో కేంద్ర ప్రభుత్వం సికిల్ సెల్ నిర్మూలన పథకం మొదలుపెట్టింది. గిరిజన ప్రాంతాల్లో 40 ఏండ్ల లోపు వారికి రక్తపరీక్ష చెయ్యాలని అందులో ఉంది. ఆశా కార్యకర్తను అడగండి. పిల్లతోపాటు తల్లిదండ్రులూ పరీక్ష చేయించుకుంటే మంచిది.

పిల్లకు జ్వరం బాగా వచ్చినా, ఛాతీ నొప్పి, ఆయాసం వచ్చినా ఆగొద్దు. కడుపులో ఎడమవైపు ఉబ్బినా, మాట తడబడినా, చెయ్యి కాలు పడిపోయినా అంతే. పండుగ రాత్రి అయినా సరే, తెల్లారేదాకా చూడొద్దు. 108కి ఫోన్ చెయ్యండి. "మా పిల్లకు సికిల్ సెల్ ఉంది" అని ముందుగా చెప్పండి.